వచ్చే స్టేషన్ దాకా నిలబడాలి

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను చెప్పేదాంట్లో ఎప్పుడూ కొంత పెంచి చెప్పడం ఉంటుంది. జొన్నరొట్టె తిన్నానంటే అది ఎడ్లబండి చక్రమంత ఉండేదని చెప్తాను. జలుబు చేసిందంటే కోట్‌పల్లి చెరువు అలుగు నా ముక్కులోంచే పారిందంటాను. ఈ జబ్బు మా ఆవిడకు పెళ్లయిన మూడో రోజే తెలిసిపోయింది. ఇంటికొచ్చినవాళ్లు నా కబుర్లు నోరు తెరుచుకొని వింటుంటే ఆవిడ చాయ్ కప్పులు పట్టుకొచ్చి, "గాయన చెప్పింది నాలుగుతోని భాగించున్రి. శేషం మిగిల్తె అది గూడ ఇడిచిపెట్టున్రి" అంటుంది.

కాబట్టి ఈ ముచ్చటను కూడా నాలుగుతో భాగించుకొని చదవండి. రెండు మనవులు మాత్రం ఉన్నాయి. ఇందులో ఒక చిన్న అంకె వస్తుంది, దాన్ని భాగించకండి. ఒక సంఘటన వస్తుంది, అది మొత్తం నా కల్పన. ఏది అనేది చివర్లో చెప్పేస్తాను. చెప్పకపోతే ఈ రాతకు కూర్చున్నదే దండగ.

నా ఇల్లు తాండూరులో, కొలువు వికారాబాద్‌లో. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మీద ఇంగ్లీషులో నోట్లు రాస్తాను. ఇరవై ఏడేళ్లుగా పొద్దుటి ప్యాసింజర్‌లో పోతున్నాను, సాయంత్రం అలాంటిదే మరొకదాంట్లో వస్తున్నాను. ఆ బండి ఎంత నెమ్మదిగా పోతుందంటే, మొదటి సంవత్సరంలో ఎక్కిన విద్యార్థి డిగ్రీ పట్టా చేతబట్టుకొని దిగుతాడు. ఎంత కిక్కిరిసి ఉంటుందంటే, నా కుడికాలు వికారాబాద్ చేరిన పావుగంటకు ఎడమకాలు చేరుతుంది. ఇంజను నుంచి నాలుగో బోగీ మాది. అందులో సగం మంది కాలేజీ పిల్లలు. ఇంజినీరింగ్ వాళ్లు, ఫార్మసీ వాళ్లు, ఎంబీఏ వాళ్లు.

రెండేళ్ల కిందటి మాట. ఒకరోజు రైల్లోంచే ఫోన్‌లో మా ఆఫీసు టైపిస్టుకు ఒక ఇంగ్లీషు ఉత్తరం చెప్తున్నాను. సిగ్నల్ సరిగా లేక గట్టిగా అరవాల్సి వచ్చింది. ఉత్తరం అయిపోయేసరికి బోగీ అంతా నావైపు తిరిగింది. పిల్లలు నన్ను దొరవారిని చూసినట్టు చూస్తున్నారు.

"సార్, గింత ఇంగ్లీషు ఎట్ల వచ్చింది సార్ మీకు?" అన్నాడొక ఇంజినీరింగ్ అబ్బాయి. వాళ్ల నాన్న తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ పని చేస్తాడు. "మాకు జర నేర్పున్రి సార్. ఇంటర్వ్యూలు దగ్గర పడ్డయ్. టెక్నికల్ అంత వస్తది. నోరు తెరిస్తె మాత్రం పరేషాన్."

అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. నాకు వచ్చింది ఒకే రకం ఇంగ్లీషు. 'పై ఉత్తరమును పురస్కరించుకొని తమ దయాపూర్వక పరిశీలనకై సమర్పించడమైనది' అనే రకం. ఆ భాషలో ఎవరూ చాయ్ తాగించరు, ఎవరూ ఉద్యోగమివ్వరు. కానీ ఒక పెట్టెడు జనం గురువుగారిని చూసినట్టు చూస్తుంటే నేను వద్దనగలనా? మరునాటి నుంచే పాఠాలు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ఆ పిల్లలు పల్లీలు పంచుకోవడానికి కూడా అర్జీ పెట్టినట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. కిటికీ తెరవడానికి ఒకడు 'సంబంధిత అధికారి' అనుమతి అడిగాడు.

పాఠాలతో ఆగి ఉంటే ఇంత రాసే పని ఉండేది కాదు. నేనొక నియమం పెట్టాను. తాండూరులో బండి కదిలిన దగ్గర్నుంచి వికారాబాద్‌లో ఆగేదాకా ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగు ముక్క జారిందా, లేచి నిలబడాలి. వచ్చే స్టేషన్ దాకా నిలబడాలి. రుక్మాపూర్‌లో జారితే ధారూర్ దాకా, ధారూర్‌లో జారితే గోదంగూడ దాకా. ఆ బోగీలో సీటంటే ఏమిటో ఎక్కినవాళ్లకే తెలుసు. ఒకసారి లేస్తే ఆ చోటులో ముగ్గురు మనుషులు, రెండు కందిపప్పు సంచులు, ఒక మేక కూర్చుంటాయి. మేకను మాత్రం తీసేయండి, అది ఒక్కసారే వచ్చింది.

న్యాయమూర్తిని నేనే. ఎవరైనా మాట కోసం ఆగితే వేళ్లతో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేవాణ్ని. మూడుకు మాట రాకపోతే సాధారణంగా తెలుగే వచ్చేది. వెంటనే గార్డు గొంతు పెట్టి "స్టాండప్! నెక్స్ట్ స్టేషన్ ధారూర్!" అని అరిచేవాణ్ని. ఆ తర్వాత వాళ్లు తడబడ్డ తీరును అభినయించి చూపించేవాణ్ని. బోగీ గొల్లుమనేది. ఆ నవ్వే నాకు పొద్దుటి టిఫిను.

వికారాబాద్‌లో సీతాఫలాలు అమ్ముకునే అవ్వ ఒకామె మా బోగీలోనే వచ్చేది. మొదటివారంలోనే ఎవరితోనో గంప జరపమని తెలుగులో అన్నది. పాలిషింగ్ ఆయన కొడుకు ఊరుకోక, "అవ్వా, తెలుగుల మాట్లాడినవ్. లేసి నిలబడాలె" అన్నాడు.

"నాకు ఇంగ్లీషే వస్తె నీ మొకం సూసుకుంట గీ డబ్బల ఎందుకు కూసుంట కొడుకా? ఇమానంల పోతుంటి" అన్నది అవ్వ. ఆమెకు నియమం నుంచి మినహాయింపు ఇస్తూ అప్పటికప్పుడు ఉత్తర్వు జారీ చేశాను.

మినహాయింపు ఇవ్వాల్సిన మనిషి ఇంకొకామె ఉంది. ఆమెకు ఇవ్వలేదు.

ఆ అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరం. బంట్వారం దగ్గర ఒక పల్లె. వాళ్ల నాన్న గొర్లకాపరి, కొంత చేను కూడా ఉంది. పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. తాండూరులో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ కాలేజీకి పోయి వచ్చేది, సాయంత్రాలు ఒక మందుల దుకాణంలో కూర్చునేది. ఎన్ని అక్షరాలున్న మందు పేరైనా తడుముకోకుండా చెప్పేది. కొన్ని మందుల పేర్లు తాండూరులో మొదలుపెడితే రుక్మాపూర్‌లో గాని పూర్తి కావు. ఆ మందు ఏ జబ్బుకు, ఎంత మోతాదు, వికటిస్తే ఏమవుతుంది, అన్నీ ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేది. కానీ 'నీ గురించి చెప్పు' అంటే ఆగిపోయేది. ఆమె గురించి ఏ పుస్తకంలోనూ లేదు గదా. లోపల తెలుగులో అనుకొని, దాన్ని ఇంగ్లీషులో పేర్చుకొని, అప్పుడు నోరు తెరవాలి. దానికి ఆమెకు పది అంకెలంత సమయం పట్టేది. నేను మూడే ఇచ్చేవాణ్ని.

వానాకాలం. నాలుగు రోజులు ముసురు పట్టి విడిచింది. సెలవులకు ఇంటికి పోయిన పిల్లలంతా తిరిగొచ్చారు. ఆ రోజు నేనిచ్చిన ప్రశ్న, సెలవులు ఎట్లా గడిచాయి అని. అందరూ ఒకటే పాఠం అప్పజెప్పారు. సొంతూరు పోయాం, బాగా ఆనందించాం. ఆ అమ్మాయి వంతు వచ్చింది. ఆమె పాఠం అప్పజెప్పలేదు. నిజంగా జరిగింది చెప్పబోయింది. నాన్న అన్నది, గొర్లు అన్నది, వాన అన్నది. మూడు ఇంగ్లీషు మాటలు జాగ్రత్తగా, తడిసిన గట్టు మీద అడుగులేసినట్టు. నాలుగో మాట కోసం ఆగింది. నేను వేళ్లు తెరిచాను. ఒకటి. రెండు. మూడు.

"ఏం జెయ్యాల్నో సమజ్ గాలె సార్" అనేసింది తెలుగులో, ఒక్కసారిగా. "పిల్లలు నా చేతులల్లనే పోయినయ్."

గొర్రెపిల్లల గురించి చెప్తోంది. కండ్లల్లో నీళ్లున్నాయి. నేను చూశాను. చూడలేదని రాస్తే మీరు నమ్ముతారు, నాక్కూడా హాయిగా ఉంటుంది. కానీ చూశాను. చూసి కూడా, "స్టాండప్! నెక్స్ట్ స్టేషన్ ధారూర్!" అన్నాను. అంతటితో ఆగానా? గొర్రెపిల్ల గొంతుతో "మే" అని అరిచాను. అచ్చం గొర్రెపిల్లలాగే వచ్చింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆమె లేచి నిలబడింది. ధారూర్ దాకా నిలబడింది. ఎన్ని పిల్లలు పోయాయి, మిగిలినవి ఏమయ్యాయి, నేను అడగలేదు.

ఆ రోజు నుంచి ఆమె మాట్లాడటం మానేసింది. పలకరిస్తే నవ్వేది, అడిగితే తలూపేది. మాట్లాడనివాళ్లకు తెలుగు జారదు, తెలుగు జారనివాళ్ల సీటు పోదు. నెలాఖరుకు నేను లెక్క తీసి, ఒక్క తప్పు కూడా చేయని ఏకైక విద్యార్థిని అని ప్రకటించి, బోగీ అంతటి చేత ఆమెకు చప్పట్లు కొట్టించాను. ఇరవై ఏడేళ్ల ఉద్యోగంలో ఎన్నో తప్పుడు నోట్లు రాసి ఉంటాను. దానంత తప్పుడు నోటు మాత్రం రాయలేదు.

తర్వాత ఇంటర్వ్యూల కాలం వచ్చింది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ వాళ్లు ఫార్మసీ పిల్లలను పిలిచారు. మందు వాడినవాళ్లు ఏదైనా ఇబ్బంది వచ్చి ఫోన్ చేస్తే ఓపికగా విని, వివరాలు రాసుకొని, డాక్టర్లకు పంపే ఉద్యోగం. మా బోగీ నుంచి ఇద్దరు పోయారు. ఆ అమ్మాయి, ఆమె క్లాసులోనే చదివే స్నేహితురాలు. ఆ స్నేహితురాలిని మేం బోగీ రేడియో అనేవాళ్లం. ఆమెకు స్టేషన్ల దగ్గర కూడా విరామం ఉండదు.

మరునాడు రేడియో ఒక్కతే వచ్చింది. ఎక్కుతూనే నవ్వు.

"సార్, నిన్న ఏమైందో తెల్సా? గది మొత్తం అద్దాలే సార్. నేను బయట కూసొని అంత సూసిన. లోపల ముగ్గురు పెద్దసార్లు. ఇది మంచిగనే షురు జేసింది. ఇంట్లోల్ల గురించి చెప్పమన్నరట. గొర్లన్నదట, వానన్నదట. నడుమ ఒక్క తెలుగు ముక్క జారిందట. జారంగనే..." కడుపు పట్టుకొని ఆగింది. "లేసి నిలబడ్డది సార్!"

"నిలబడ్డదా?" అన్నారు అందరూ.

"చేతులు కట్టుకొని! వాళ్లు పరేషాన్. ఎందుకు లేసిందో వాళ్లకేం సమజైతది? పోతనన్నదేమో అనుకున్నరు. ఒకాయన థాంక్యూ అన్నడు. ఇంకొకాయన లేసి తలుపు తీసిండు. ఇది అట్లనే బయటికొచ్చింది."

"మరి వచ్చే స్టేషన్ ఏదట?" అన్నాడు పాలిషింగ్ ఆయన కొడుకు.

బోగీ అదిరింది. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నవ్వాను, నవ్వించేవాడికి అది వృత్తిధర్మం. ఆ నవ్వు మధ్యలోనే అవ్వ వైపు చూపు పోయింది. అవ్వ నవ్వడం లేదు. గంపలోని పండ్లు అటువి ఇటు, ఇటువి అటు సర్దుతోంది.

"ఇంకో చాన్సున్నది సార్" అన్నది రేడియో, నవ్వు తగ్గాక. "మిగిలినోల్లకు శనివారం మల్ల పెట్టిన్రు. దానికి గూడ మెసేజొచ్చింది. పోనంటున్నది."

"పోకుంటె ఎట్ల?"

"ఎట్లేంది సార్, పరీక్షలైనంక ఊరికే. వాల్ల నాయిన ముందుగాలనే చెప్పిండు. నౌకరి దొరికితె పట్నం, లేకుంటె గొర్ల ఎంట. చిన్నమ్మ మాత్రం ఎన్నొద్దులు పెట్టుకుంటది?"

ఆ రోజు ఆఫీసులో ఒక ఫైలు మీద నోట్ రాయాల్సి ఉంది. నాలుగు వరుసల పని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 'పై విషయమై' దగ్గరే ఉండిపోయాను. ఏ విషయమై? నాలుగేళ్లు కష్టపడి చదివిన పిల్లను ముగ్గురు పెద్దమనుషుల ముందు లేపి నిలబెట్టిన విషయమై. ఆ గదిలో నేను లేను. కానీ ఆమెను లేపిన గొంతు నాదే.

మరునాడు బుధవారం సాయంత్రం రైలు దిగి నేరుగా ఆ మందుల దుకాణానికి పోయాను. బీపీ మాత్రలు కొనాలి, అది నిజం. క్షమించమని అడగాలి, అదీ నిజం. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఆ ముక్కను మూడుసార్లు చిత్తు రాసి, మూడుసార్లు దిద్దుకున్నాను.

దుకాణం ముందు పది మంది ఉన్నారు. ఆమె ఎత్తు స్టూలు మీద కూర్చొని ఉంది. బురఖా వేసుకున్న ఒక ముసలమ్మకు మాత్రల పట్టీ చూపిస్తోంది. "దాదీ, ఏ ఖానా ఖాకే లేనా. ఖాలీ పేట్ నక్కో" అంటోంది. ఆమె ఏదో భయం చెప్పుకుంటే "ఫికర్ నక్కో" అని చేయి నిమిరింది. తర్వాత సరిహద్దు అవతల నుంచి వచ్చిన ఒక రైతు. ఆయనకూ అదే, అన్నం తిన్నాకే వేసుకోవాలని, కన్నడంలో చెప్పింది. "ఊట ఆద్మేలె అజ్జా, దినక్కె ఎరడు" అని వేళ్లతో రెండు చూపించింది. ఆయన తిరిగి అప్పజెప్పేదాకా వదల్లేదు. తర్వాత తెలుగులో ఒక బాలింతకు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెతుక్కోలేదు. ఫోన్ చేసినవాళ్ల బాధ ఓపికగా విని రాసుకునే మనిషి కావాలని ఆ కంపెనీ హైదరాబాద్‌లో వెతుకుతోంది. ఆ మనిషి తాండూరులో స్టూలు మీద కూర్చొని ఉంది.

నా వంతు వచ్చింది. ఆమె తలెత్తకుండానే, "ఏం గావాలె?" అన్నది. తలెత్తింది. నన్ను చూసింది.

లేచి నిలబడింది.

స్టూలు కీచుమన్నది. దుకాణం ఆయన లెక్కలోంచి తలతిప్పి చూశాడు.

"కూసొ బిడ్డా" అన్నాను.

"పర్వాలె సార్."

"ఇది మన డబ్బ గాదు గదా. కూసొ."

"నాకు తెల్సు సార్" అన్నది మెల్లగా. "కాళ్లకే తెలుస్తలేదు."

మూడుసార్లు దిద్దిన ముక్క ఉందే, అది అప్పుడు రావాలి. నోరు తెరిచాను. వచ్చిందేమిటో తెలుసా? "నీ కాళ్లకున్న క్రమశిక్షణ మా ఆఫీసుల ఎవ్వరికి లేదు" అనే జోకు. ఆమె మర్యాదకు నవ్వింది. అలాంటి నవ్వు ఎంత బరువుంటుందో నేను పెంచి చెప్పక్కర్లేదు.

"శనివారం పోతున్నవా?" అన్నాను.

"లేదు సార్. మల్ల లేస్త. నా మీద నాకే నమ్మకం లేదు." మాత్రల పట్టీ తీసి కవరులో వేసింది. "రోజుకు ఒకటే గదా సార్? తిన్నంక ఏస్కోన్రి. మంచిగైందని నడుమల బంద్ పెట్టకున్రి."

నా గుండె సంగతి నాకన్నా ఆమె జాగ్రత్తగా చూసింది. నేను కవరు తీసుకొని వచ్చేశాను. ఇంట్లో అన్నం ముందు కూర్చొని ఉలుకూ పలుకూ లేకుంటే మా ఆవిడ, "ఏమైంది, ఇయ్యాల భాగించెతందుకు గూడ ఏం లేదా?" అన్నది.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు జరిగింది కాస్త వివరంగా రాయాలి.

బండి తాండూరులో కదిలింది. ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చొని ఉంది. నేను నా సీట్లోంచి లేచాను. "ఇయ్యాలటి నుంచి నియమం రద్దు" అని చక్కటి తెలుగులో ప్రకటించాను. నియమం పెట్టినవాడిగా తప్పంతా నాదేనని, వికారాబాద్ దాకా అన్ని స్టేషన్ల శిక్షా నేనొక్కణ్నే నిలబడి అనుభవిస్తానని చెప్పాను. ఆ అమ్మాయి ముందుకు పోయి, రెండు చేతులు జోడించి, గొర్రెపిల్ల గొంతు పెట్టినందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ అడిగాను. బోగీలో ఒక్కరి కన్ను పొడిగా లేదు. టికెట్ కలెక్టరు వచ్చి, సంగతి విని, టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. అవ్వ తన గంపలోంచి పెద్ద సీతాఫలం తీసి నా చేతిలో పెట్టింది. రుక్మాపూర్ స్టేషన్ మాస్టరు పచ్చజెండాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి "అయ్యో కూసోన్రి సార్" అని బతిమాలింది. నేను కూర్చోలేదు.

ఇక భాగహారం మొదలుపెట్టండి. ఎంతతో భాగించినా శేషం రాదు. కల్పించానని మొదట్లో చెప్పిన సంఘటన ఇదే.

నిజంగా జరిగింది ఇది. శుక్రవారం పొద్దున ప్లాట్‌ఫాం మీద నాలుగో బోగీ నా ముందే ఆగింది. కిటికీలో ఆమె కనబడింది. నేను తలవంచుకొని నడిచి తొమ్మిదో బోగీ ఎక్కాను. రుక్మాపూర్ దాకా ఎవరి మొహమూ చూడలేదు. బండి అక్కడ ఆగగానే ఉండబట్టక దిగి ఉరికి, నాలుగో బోగీ తలుపు దగ్గర ఎక్కాను. ఒకాయన కందుల సంచీ భుజానికెత్తుకొని నిలబడితే ఆ సంచీ వెనక నిలబడ్డాను. నిలబడ్డానన్న మాట వరకు నిజం. ప్రాయశ్చిత్తంగా కాదు, సీటు లేక.

అవ్వ ఆ అమ్మాయి పక్కనే కూర్చొని ఉంది. ఏదో అడిగినట్టుంది. ఆమె జవాబు చెప్తోంది, తెలుగులో.

"స్టాండప్! నెక్స్ట్ స్టేషన్ ధారూర్!" అని అరుపు వినబడింది. నా గొంతే. ఒక్క క్షణం నేనే అరిచానేమో అనుకున్నాను. పాలిషింగ్ ఆయన కొడుకు అచ్చం నాలాగే అరుస్తున్నాడు. ఆ తర్వాత "మే" అన్నాడు. నేను నేర్పింది అందరికన్నా బాగా నేర్చుకున్నది వాడే.

ఆమె లేవలేదు. కిటికీ చువ్వను పట్టుకున్న చేయి బిగుసుకుంది, అది సంచీ పక్కనుంచి నాకు కనబడింది. మోకాళ్లు కదిలాయి. అయినా లేవలేదు.

"ఆగు రా" అన్నది. "నా ముచ్చట ఐపోలె. ఐనంక నువ్వు గావాలంటె నిలబడు."

ఎవరూ నవ్వలేదు. వాడు కూడా.

"ఎన్ని పోయినయ్ బిడ్డా?" అన్నది అవ్వ. నేను రెండు నెలల కింద అడగాల్సిన మాట.

"ఏడు అవ్వ."

ఏడు. ఇదే నేను భాగించవద్దన్న అంకె. దీన్ని నేను పెంచలేదు. జీవితంలో ఒక్క అంకెనైనా ఉన్నది ఉన్నట్టు రాయాలని ఇది రాశాను.

"మిగిలినయో?"

"మందు సీస మీద ఇంగ్లీషుల రాసుంటె సదివిన. ఒక్కొక్క పిల్లను ఎత్తుకొని బరువు సూసి, దాని లెక్కన తాగించిన. మిగిలినయన్ని బతికినయ్. నాయిన రెండు రాత్రులు పండలేదు. నేను గూడ."

"గిదే చెప్పు మరి ఆడ గూడ."

"ఆడ ఇంగ్లీషుల చెప్పాలె అవ్వ. నాకు నడుమల మాట ఆగుతది."

"ఆగితె ఆగనియ్యి. జర నిమ్మళంగ చెప్త, ఆగున్రి అను. వాల్లదేమన్న బండెల్లిపోతున్నదా?"

ఇంటర్వ్యూల గురించి నేను నెలల తరబడి చెప్పినదంతా ఒక పళ్లెంలో పెట్టి, ఈ ఒక్క మాట మరో పళ్లెంలో పెట్టండి. నేను సంచీ వెనక నుంచి బయటికి రాలేదు. ధారూర్ వచ్చింది, గోదంగూడ వచ్చింది, వికారాబాద్ వచ్చింది. అందరికన్నా ముందు దిగి, వెనక్కి చూడకుండా ఆఫీసుకు పోయాను.

శనివారం ఆమె ఇంటర్వ్యూకు పోయింది. రేడియో ద్వారా సోమవారం మాకందరికీ తెలిసింది. లోపలికి పోయి కూర్చోగానే మొదటి వాక్యం అదే చెప్పిందట. నేను ముందు తెలుగులో ఆలోచిస్తాను, కొంచెం సమయం పడుతుంది, దయచేసి ఆగండి అని. వాళ్లు ఆగారట. ఆగడం అంత తేలికైన పని అని నాకెప్పుడూ తోచలేదు. ఏడు పిల్లల సంగతి, సీసా సంగతి, బరువు లెక్క సంగతి చివరిదాకా చెప్పిందట. నడుమ రెండుచోట్ల తెలుగు జారిందట. జారినా కూర్చునే ఉందట.

మూడు వారాలకు ఉద్యోగపు ఉత్తర్వు వచ్చింది. ఇది కల్పన కాదు. అందులో నా చేయి ఉందన్నట్టు రాసిందే కల్పన.

నాలుగో బోగీలో ఆ నియమం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను రద్దు చేసిందీ లేదు. పిల్లలు ఇప్పుడు రెండు భాషలూ కలిపి మాట్లాడుకుంటారు, ఒకరి మాట ఆగితే ఇంకొకరు అందిస్తారు. నన్ను ఇప్పటికీ సార్ అంటారు. నేను ఇప్పుడు తక్కువ మాట్లాడతాను. దీన్ని మాత్రం మా ఆవిడ కూడా నమ్మలేదు.

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటోంది. నెలకోసారి శుక్రవారం సాయంత్రం బండిలో చిన్నమ్మను చూడటానికి తాండూరు వస్తుంది. నేను వికారాబాద్‌లో ఎక్కేసరికి ఆమె అప్పటికే సీట్లో కూర్చొని ఉంటుంది. నన్ను చూడగానే నవ్వి, పక్కకు జరిగి చోటు చేస్తుంది.

"రాండ్రి సార్, కూసోన్రి."

"వద్దు బిడ్డా. నిలబడత."

"ఎందుకు సార్?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర మూడుసార్లు దిద్దిన చిత్తుప్రతిగా ఇంకా ఉంది. పోయిన నెల కూడా నోటి దాకా వచ్చింది. ఆమె ఓపికగా ఎదురుచూస్తోంది. ఒకటి, రెండు, మూడు దాటినా ఎదురుచూస్తూనే ఉంది.

"నడుం నొప్పి బిడ్డా, కూసుంటె కలుక్కుమంటది" అన్నాను.

"మాత్రలిస్త ఆగున్రి" అని సంచీలో వెతకసాగింది. నేను వచ్చే స్టేషన్ గోదంగూడ దాకా అలాగే నిలబడ్డాను.

నడుం నొప్పి కూడా కల్పనే.